స్ప్రే గన్ను కొనబోయి నేర్చుకున్న తొట్టి లెక్క



తెలుగు బడుల కష్టసుఖాలు చెప్పుకొనే చోట ఈసారి కారు రంగును గూర్చి, అందులోనూ రంగు చల్లే గన్నును గూర్చి వ్రాస్తున్నాను. 'అయివారికి ఎండాకాలం తలకెక్కినట్లుంది' అని మీరు నవ్వుకోవచ్చు. కాస్త ఓపికపట్టి చివరిదాకా చదవండి. గన్ను కొనదలచిన వారికి గన్ను సంగతి దక్కుతుంది. తక్కినవారికి మన బడి సంగతి దక్కుతుంది.

నేను హోసూరు ప్రాంతంలో తెలుగు మాధ్యమ పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. నా వద్ద 1997వ సంవత్సరపు తెల్లని మారుతి 800 ఒకటి ఉన్నది. ఇంజను ఇంకా నమ్మకంగానే నడుస్తుంది గాని, పైరంగు మాత్రం సున్నం రాలిన గోడవలె అయింది. షెడ్డులో అడిగితే వారు చెప్పిన ఖర్చు నాకు ఎక్కువ అనిపించింది. 2024 వేసవి సెలవులలో, 'మన చేతులు మనకున్నవి గదా, మనమే వేసుకొందాం' అని నిశ్చయించుకొన్నాను. పాత కంప్రెసర్ ఒకటి చవకగా దొరికింది. రెండు హార్స్‌పవర్ల మోటారు, నూరు లీటర్ల తొట్టి. ఇక కొనవలసినది గన్ను.

స్ప్రే గన్ను పనిచేసే తీరు చిన్నపిల్లలకు సైతం చెప్పవచ్చు. వేగంగా పోయే గాలి రంగును సన్నని తుంపరగా చీల్చి ముందుకు తోస్తుంది, అంతే. దీని పుట్టుక కూడా వింతైనది. అమెరికాలోని టొలీడో నగరంలో అలెన్ డివిల్బిస్ అనే గొంతు వైద్యుడు రోగుల గొంతులో మందు చల్లడానికి 1880లలో ఒక చిన్న సాధనం తయారుచేశాడు. ఆయన కుమారుడు థామస్ తరువాతి కాలంలో ఆ కిటుకునే రంగులు చల్లే గన్నుగా మలిచాడు. రోగి గొంతుకు మందు చల్లే పనిముట్టు ఆ విధంగా రంగుల షెడ్డుకు చేరింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

అంగడికి పోతే మూడు రకాలు చూపారు. మొదటిది గిన్నె కింద వ్రేలాడే పాత రకం. గాలి వేగానికి రంగు కిందినుండి పైకి పీల్చబడుతుంది. గిన్నెలో రంగు ఎక్కువ పడుతుంది గాని బరువు, అడుగున కొంత రంగు మిగిలిపోతుంది. రెండవది గిన్నె పైన కూర్చొనే రకం. రంగు తన బరువుకు తానే దిగుతుంది కనుక చివరి చుక్క వరకు పనికివస్తుంది. ఇంటిపనికి ఇదే మేలు. మూడవదిగా చూపినది కూడా పైగిన్నె రకమే గాని, దానిపై హెచ్.వి.ఎల్.పి. అని వ్రాసి ఉన్నది. అనగా ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడి. పాత గన్నులలో రంగు ధాటిగా పోయి రేకుకు కొట్టుకొని సగానికి పైగా పొగమంచులా ఎగిరిపోతుంది. ఈ రకంలో గన్ను మూతివద్ద ఒత్తిడి చదరపు అంగుళానికి 10 పౌండ్లు మించదు. కనుక రంగు మెల్లగా పోయి రేకుపైననే ఎక్కువగా నిలుస్తుంది. రంగు ఆదా, పొగ తక్కువ. అంగడివాడు అదే మంచిదన్నాడు. నేనూ అదే కొన్నాను. అతడు చెప్పినది అబద్ధం కాదు. నేను అడగవలసినది అడగలేదు, అంతే.

బానెట్టుపై లప్పం పెట్టి, వాటర్ పేపరుతో రుద్ది, ప్రైమరు వేసి, ఒక శుభోదయాన తెల్లరంగు మొదలుపెట్టాను. మొదటి రెండు నిమిషాలు నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఆపైన గన్ను గురక పెట్టసాగింది. సన్నని తుంపర పోయి చినుకులు వచ్చాయి. బానెట్టు ఒక ప్రక్క అద్దంలాగ, మరొక ప్రక్క నారింజ తొక్కలాగ తయారైంది. ఇంకొంచెం దగ్గరగా పట్టి సరిచేయబోతే రంగు కన్నీటి ధారలవలె కారింది. గన్ను చెడ్డదని తిట్టుకొన్నాను. మనకు అలవాటైన పనే కదా అది. పిల్లవానికి లెక్క రాకుంటే పుస్తకాన్ని తిట్టుతాం, పుస్తకం మంచిదైతే పిల్లవాణ్ణి తిట్టుతాం.

మా ఊరికి దగ్గరలోనే నా పాత విద్యార్థి ఒకడు పెయింటింగు షెడ్డు నడుపుతున్నాడు. ఎనిమిదవ తరగతితో చదువు మానినవాడు. లెక్కలలో వానికి నేను ఏనాడూ ముప్పై మార్కులు దాటనివ్వలేదు. మొగమాటపడుతూనే వెళ్లాను.

"ఏమప్పా, బాగున్నావా? ఒక కష్టం వచ్చిపడింది" అన్నాను.

"కూచోండి అయివారూ. మీకేమి కష్టం?" అని స్టూలు తుడిచి వేశాడు. అంతా విని, నవ్వకుండా, "సాయంత్రం ఇంటికే వచ్చి చూస్తా" అన్నాడు.

అన్నట్టుగానే చీకటి పడకముందు వచ్చాడు. ఆరవ తరగతికి రాబోతున్న కూతురును బండిపై వెంట తెచ్చాడు. గన్నును చేతిలోకి తీసుకొని త్రిప్పి చూచి, "గన్ను మంచిదే అయివారూ. దీనికి కావలసినంత గాలి మీ ఇంట్లో లేదు" అన్నాడు.

"మోటారుపై నిమిషానికి 8 ఘనపుటడుగులని వ్రాసి ఉందే?" అన్నాను.

"అది పిస్టను తిరిగే లెక్క. తొట్టిలోకి చేరే గాలి వేరే. రాసింది నమ్మొద్దు, గడియారం పెట్టి చూడండి."

తొట్టిలోని గాలిని 3 కిలోల ఒత్తిడి వరకు వదిలి, మోటారు వేశాడు. ముల్లు 8 కిలోలకు చేరేసరికి ఎంతసేపు పట్టిందో నా ఫోనులో చూచి చెప్పమని కూతురుకు పురమాయించాడు. ఆ పిల్ల సరిగ్గా మూడు నిమిషాలని చెప్పింది. ఇక లెక్క చూడండి. నూరు లీటర్ల తొట్టిలో ఒత్తిడి 5 కిలోలు పెరిగిందంటే అందులోకి సుమారు 500 లీటర్ల బయటి గాలి చేరినట్లు. ఒక ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు. కనుక అది దాదాపు 18 ఘనపుటడుగులు. మూడు నిమిషాలకు 18 అంటే నిమిషానికి 6. వ్రాసినది 8, వచ్చేది 6.

నేను కొన్న గన్ను కాగితం తీసి చూస్తే, దానికి నిమిషానికి 12 ఘనపుటడుగుల గాలి కావాలని ఉన్నది. తొట్టిలోకి 6 వస్తుంటే 12 పోతున్నది. లోటు 6. నిలువ 18. మూడు నిమిషాలకు తొట్టి ఒట్టిపోతుంది!

మిత్రులారా, ఒక కుళాయి నింపుతుండగా మరొక కుళాయి ఖాళీ చేస్తుంటే తొట్టి ఎంతసేపటికి ఖాళీ అవుతుందనే లెక్కను నేను ఇరవై ఏండ్లకు పైగా నల్లబల్లపై వేశాను. అదే తొట్టి నా ఇంటి ముంగిట నిలిస్తే గుర్తుపట్టలేకపోయాను. లెక్క రానివాడని నేను తీర్మానించినవాడు గుర్తుపట్టాడు. ఆ పూట నా మనసులో కలిగిన సిగ్గును దాచుకోదలచుకోలేదు.

గన్ను కొనేవారికి అతడు చెప్పినది, తరువాత నేను చేసి చూచినది, క్రమంగా చెబుతాను.

ముందుగా కంప్రెసర్ నిజంగా ఇచ్చే గాలిని పై విధంగా కొలుచుకోండి. ఆపైన, అంతకంటె తక్కువ గాలితో నడిచే గన్నునే ఎన్నుకోండి. కొద్దిగా మిగులు ఉండాలి. చిన్న కంప్రెసర్ల కొరకు ఎల్.వి.ఎల్.పి. అనే రకం ఉన్నది. అనగా తక్కువ గాలి, తక్కువ ఒత్తిడి. నిమిషానికి 4 నుండి 6 ఘనపుటడుగులతో నడిచేవి అందులో దొరుకుతాయి. చల్లే వెడల్పు తక్కువ, పని నిదానం. ఇంటిదగ్గర ఒక్కొక్క తలుపుగా, ఒక్కొక్క రెక్కగా వేసుకొనేవారికి నిదానమే ప్రధానం. తొట్టి పెద్దదైనంత మాత్రాన గాలి పుట్టదు. అది చేతిలోని నిలువ మాత్రమే, రాబడి కాదు.

రెండవది, మూతి రంధ్రం. పైరంగుకు 1.3 లేదా 1.4 మిల్లీమీటర్లు సరిపోతుంది. చిక్కగా ఉండే ప్రైమరు సర్ఫేసరుకు 1.7 ప్రాంతం కావాలి. రెండు మూతులు వేరుగా దొరికే గన్ను అయితే ఒకటే చాలు. అయితే సూది, మూతి, గాలిమూత మూడూ ఒక జతగా మార్చాలి.

మూడవది, గొట్టం. సన్నని, పొడవైన గొట్టంలో ఒత్తిడి దారిలోనే తరిగిపోతుంది. లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 10 అయితే మరీ మంచిది. గన్ను బొత్తాం నొక్కి పట్టుకొని ఒత్తిడి చూడాలే గాని వదిలిపెట్టి చూడరాదు. తొట్టి అడుగున చేరే నీటిని పని మొదలుపెట్టేముందు వదిలివేయండి. గొట్టానికి ముందు నీటిని పట్టే వడపోత బిగించండి. ఒక్క చుక్క నీరు, నూనె రంగులో కలిసినా రేకుపై చేపకన్నుల వంటి మచ్చలు పడతాయి.

నాలుగవది, చేయి. గన్ను రేకుకు జానెడు దూరంలో, నిలువుగా ఉండాలి. మణికట్టు త్రిప్పితే మధ్యలో మందం, అంచులలో పలుచన అవుతుంది. చేయంతా ఒక గీతలో కదలాలి. ప్రతి గీత ముందు గీతలో సగాన్ని కప్పాలి. ముందుగా అట్టముక్కపై చల్లి చూచుకోండి. కారు అభ్యాస పుస్తకం కాదు.

ఇంతవరకు గన్ను పాఠం. అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది.

ఇవన్నీ చెబుతున్నంతసేపూ అతడు మధ్యమధ్య దగ్గుతూనే ఉన్నాడు. పొడిదగ్గు. "ఎన్నాళ్ల నుండి ఇది?" అని అడిగాను. "రెండేండ్లుగా ఉంది అయివారూ. రాత్రిపూట ఎక్కువ. ఆదివారం మాత్రం ఉండదు. దుమ్ము పని గదా" అన్నాడు. నేను తెచ్చిపెట్టిన రంగు డబ్బాలలో హార్డెనర్ చిన్న డబ్బా ఉన్నది. దానిని చూచి, "ఇదే మేమూ రోజూ కలిపేది. మంచి మెరుపు వస్తుంది" అన్నాడు.

ఊరకే డబ్బా వెనుక అక్షరాలను చదివాను. చీమతలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు. కళ్లద్దాలు పెట్టుకొని మొదటి వాక్యం చదివేసరికి నాకు నోట మాట రాలేదు. అందులో ఐసోసయనేట్లు ఉన్నాయి. ఆ తుంపరను పీలిస్తే ఉబ్బసం రావచ్చునని స్పష్టంగా వ్రాసి ఉన్నది.

"షెడ్డులో ముక్కుకు ఏమి కట్టుకొంటావు?" అని అడిగాను. జేబులోని చేతిరుమాలు చూపించాడు.

డబ్బాపై ఎర్రని అంచు గల, మూలపై నిలబెట్టిన చతురస్రంలో ఒక బొమ్మ ఉన్నది. మనిషి ఎదపై నక్షత్రం పగిలినట్లుగా ఉంటుంది. లోపలి అవయవాలకు దీర్ఘకాలపు హాని కలుగుతుందని చెప్పే అంతర్జాతీయ గుర్తు అది. "దీనిని ఇన్నాళ్లూ ఏమనుకొన్నావు?" అంటే, "కంపెనీ గుర్తనుకొన్నా" అన్నాడు.

ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పాను. ఈ పదార్థం వాసన ముందుగా హెచ్చరించదు, వాసన తెలియనంత కొద్దిపాటిగా ఉన్నా హాని చేస్తుంది. చర్మానికి తగిలినా మంచిది కాదు. ఒకసారి శరీరానికి అది పడకుండా పోతే, ఆపైన ఏ కొంచెం పీల్చినా ఊపిరి బిగుసుకుంటుంది. చేతిరుమాలు దేనికీ అడ్డు కాదు. బయటి శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగుతో, గాలిని లాగివేసే గదిలో వాడవలసిన రంగు అది. పని లేని నాడు దగ్గు తగ్గడం కూడా ఒక గుర్తే. అతడు కదలకుండా విన్నాడు. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి గన్నుకు కావాలో వేలి లెక్కగా చెప్పగలిగిన మనిషికి, తన ఊపిరిలోకి పోయే గాలి లెక్క ఎవరూ చెప్పలేదు. గొంతుకు మందు వేయడానికి పుట్టిన పనిముట్టు ఇతని గొంతునే పట్టుకున్నది.

వాడు నా తరగతిలో కూర్చున్న పిల్లవాడే. పద్యాలు అప్పజెప్పించాను, సంధులు విడదీయించాను. అవి వద్దని ఇప్పటికీ అనను. కాని ఒక డబ్బాపై ఉన్న హెచ్చరికను తెలుగులో ఎట్లా చెప్పుకోవాలో, ఇంగ్లీషులో ఎట్లా పోల్చుకోవాలో ఒక్కనాడూ చెప్పలేదు.

కొంతసేపటికి అతడు ఒక ప్రశ్న వేశాడు. "అయివారూ, తప్పుగా అనుకోవద్దు. ఈ డబ్బా మీద తెలుగు ఎప్పటికీ రాదు గదా. మరి నా బిడ్డను తెలుగులో ఎందుకు చదివించాలి? వచ్చే ఏడు ఇంగ్లీషు బడికి మారుద్దామని ఉంది."

ఇటువంటి ప్రశ్నకు మనమందరం తల్లిభాషను గూర్చి ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంచుకొంటాం. ఆ డబ్బాను చేతిలో పట్టుకొని ఆ ఉపన్యాసం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "నీవు అడిగినదానిలో తప్పు లేదప్పా. ఆలోచించి చెబుతాను" అన్నాను.

ఆలోచించినది మీకు చెబుతున్నాను. ఆ షెడ్డులో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదవగలిగిన కుర్రవాళ్లు ఇద్దరున్నారు. డబ్బాపై మాటలను వారు చదవగలరు. వారికీ ముసుగు లేదు. అక్షరం తెలియడం వేరు, అర్థం ఎదలో దిగడం వేరు. నా విద్యార్థికి ఆ సాయంత్రం భయం పుట్టినది తెలుగులో విన్నప్పుడు. అదే సమయంలో, డబ్బాపై ఉన్నది ఇంగ్లీషు. దానిని చదవలేని పిల్లవానిని తయారుచేసి, 'మాది తెలుగు మాధ్యమం' అని చేతులు దులుపుకొనే హక్కు మనకు లేదు. తెలుగు బడి నిలవాలంటే, అక్కడ చదివిన పిల్ల ఏ భాషలోని హెచ్చరికనైనా పోల్చుకొని, తెలుగులో అర్థం చేసుకొని, ప్రక్కవానికి చెప్పగలగాలి. తల్లిదండ్రులకు మనం చూపవలసిన జవాబు అదొక్కటే.

మరునాడు ఆ పిల్లను నా ప్రక్కన కూర్చోబెట్టుకొని డబ్బాపై ఉన్న వాక్యాలను చిన్నవిగా విడగొట్టి చెప్పాను. ఆమె తెలుగులో వ్రాసింది. ఆ తరువాత నేను చెప్పకుండానే కింద తమిళంలో కూడా వ్రాసింది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత మన పిల్లలు ఒకటవ తరగతి నుండి తమిళం నేర్చుకొంటున్నారు గదా. ఆ చట్టం వలన మన బడులకు కలిగిన ఇక్కట్లు మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా ఆ షెడ్డులోని సహాయకునికి తమిళం తప్ప మరొకటి రాదని ఆ పిల్లకు తెలుసు, నాకు తెలియదు. ఆ అట్ట ఇప్పుడు వారి షెడ్డు గోడపై ఉన్నది.

అతడు డాక్టరుకు చూపించుకొన్నాడు. డాక్టరు పని విషయమంతా అడిగి, మందులు వ్రాసి, హార్డెనర్ రంగుకు దూరంగా ఉండమన్నారు. ఆ పనిని ఇప్పుడు బూత్ ఉన్న మరొక చోటికి పంపుతున్నాడు. రాబడి కొంత తగ్గింది. దగ్గు కూడా తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

నేను హార్డెనర్ డబ్బాను తిరిగి ఇచ్చివేశాను. చిన్న గన్ను కొని, హార్డెనర్ అవసరం లేని ఎన్.సి. రంగు తెచ్చుకొన్నాను. దానికి మెరుపు తానుగా రాదు, ఎండిన తరువాత రుద్ది పాలిష్ పెట్టాలి. దానిలోని థిన్నరు కూడా మంచిదేమీ కాదు. ఆవిరిని పట్టే బొగ్గు డబ్బీల ముసుగు పెట్టుకొని, ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా వేశాను. అది అగ్గిని ఇట్టే అందుకొంటుంది. మీరు కూడా ఇంటిదగ్గర హార్డెనర్ కలిపే రంగుల జోలికి పోకండి. మెరుపు కావాలంటే ఆ ఒక్క పూతను బూత్ ఉన్నవారి చేత వేయించుకోండి. దగ్గరగా చూస్తే నా బానెట్టులో అక్కడక్కడ లోపాలు కనిపిస్తాయి. పది అడుగుల దూరం నుండి చూస్తే కారు కొత్తదే.

ఈ ఏడు నా ఆరవ తరగతిలో వారానికి ఒక పీరియడు డబ్బాలకు, సీసాలకు, మందు చీటీలకు కేటాయించాను. పురుగుల మందు డబ్బా, మాత్రల అట్ట, గ్యాసు బండ కాగితం, ఏదైనా సరే, ఇంటినుండి ఖాళీది కడిగి తెమ్మంటాను. పురుగుల మందు డబ్బా మాత్రం తేవద్దు, దాని కాగితం ఫోటో చాలునని చెప్పాను. తొట్టి లెక్క వచ్చినప్పుడు కుళాయిని విడిచి కంప్రెసర్‌తో చెప్పాను. వెనుక బల్లలవారు ఆనాడు ముందుకు వచ్చి కూర్చున్నారు. మీ ఊళ్లలో, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, మీ పిల్లల తండ్రులు ఏ పని చేస్తారో ఆ పనిలోని ఒక డబ్బాను తరగతికి తెచ్చి చూడండి.

ఆ పిల్ల జూన్‌లో మా బడిలోనే చేరింది. వచ్చే ఏడు ఉంటుందో లేదో నేను చెప్పలేను. తండ్రి ఇంకా ఆలోచిస్తున్నాడు. అతని ప్రశ్నకు జవాబు నేను నోటితో చెప్పలేదు. ఈ ఏడాది ఆ పిల్ల నేర్చుకొనే చదువే చెప్పాలి.